వడకు సియోల్‌లో ఒక చుట్టం

డోనట్ అంటే నడుమ రంధ్రం ఉండాలని మన లెక్క. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో 2017లో మొదలైన 'కఫే నాటెడ్' మాత్రం రంధ్రం లేని డోనట్‌తోనే పేరు తెచ్చుకుంది. బన్నులాగా ఉబ్బిన గుండ్రటి ముద్దకు పక్కన పొడిచి, లోపలికి పాలమీగడ క్రీమ్ ఎక్కిస్తారు. పైన పంచదార అద్దుతారు. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళు వరుసలో నిలబడి కొంటారు, తినేముందు ఫొటో తీసుకుంటారు. ప్రయాణంలో ఉండగా నేనూ ఒకటి తిన్నాను. బాగుంది. తీపి మొహం మొత్తలేదు, పాల కమ్మదనం ముందుకొచ్చింది. అది చేతిలో ఉండగా నా చూపు దాని నడుము చుట్టూ ఉన్న తెల్లటి పట్టీ దగ్గర ఆగింది. పైనా కిందా గోధుమ రంగుకు వేగిన ముద్దకు మధ్యలో వేలెడు వెడల్పున వేగని చార. ప్రొద్దుటూరులో బాణలి పక్కన నిలబడి వడ ఎప్పుడు దిగుతుందా అని చూస్తూ పెరిగినవాడికి ఇది వింతే. మన వడకు ఆ చార ఉండదు.

ఆ చార ఎందుకొచ్చిందో తెలుసుకోవాలంటే తేలడం గురించి ఆర్కిమిడీస్ చెప్పిన సూత్రం ఒక్కటి చాలు. తేలే వస్తువు ఎంత మేరకు మునుగుతుందన్నది దాని సాంద్రతకూ ద్రవం సాంద్రతకూ ఉన్న నిష్పత్తిని బట్టి ఉంటుంది. నీటి సాంద్రత 1 అనుకుంటే బాగా కాగిన నూనెది 0.8 పైచిలుకు. ముద్ద సాంద్రత అందులో సగం కంటే తక్కువైతే, అంటే 0.4 లోపు ఉంటే, సగం కంటే తక్కువే మునుగుతుంది. ఒక వైపు వేగాక తిప్పితే రెండో వైపూ అంతే మునుగుతుంది. నడుము భాగం ఏ విడతలోనూ నూనెను తాకదు. కాబట్టి తెల్ల పట్టీ కనబడితే ముద్దలో గాలి ఎంతుందో కొలవకుండానే చెప్పవచ్చు. డోనట్ చేసేవాళ్ళు దీన్నే పనితనానికి గుర్తుగా చూస్తారు. పిండి సరిగా పొంగకపోతే పట్టీ సన్నబడుతుంది, లేదా అసలు రాదు.

మినప గారెకు వేరే పరీక్ష ఉంది. రుబ్బిన పిండి చిటికెడు తీసి నీళ్ళ గిన్నెలో వేస్తారు. తేలితే పిండి సిద్ధం, మునిగితే ఇంకా రుబ్బాలి. అంటే మన ఆడవాళ్ళు అడిగేది నీటి కంటే తేలికగా ఉందా అని మాత్రమే. కొరియా డోనట్ దాటాల్సిన గీత 0.4, గారె దాటాల్సింది 1. అందుకే గారె నూనెలో వేయగానే ఒక్క క్షణం లోపలికి పోయి, నీరు ఆవిరై బుడగలు కట్టాక పైకొస్తుంది. పైకొచ్చినా చాలా భాగం మునిగే ఉంటుంది, తిప్పినప్పుడు రెండు వైపుల వేగుడూ ఒకదాని మీదకు ఒకటి వస్తుంది. చారకు చోటు లేదు.

పిండిలోకి గాలి చేరే దారులు కూడా వేరు. మైదాలో రెండు రకాల ప్రొటీన్లు, గ్లూటెనిన్, గ్లియాడిన్, నీళ్ళు పోసి పిసికితే కలిసి సాగే వలలా అల్లుకుంటాయి. దాన్నే గ్లూటెన్ అంటాం. ఈస్టు పిండిలోని చక్కెరను తిని బొగ్గుపులుసు వాయువు వదులుతుంది, వల దాన్ని పట్టి ఉంచుతుంది. మినుముల్లో గ్లూటెన్ లేదు. అక్కడ గాలిని లోపలికి తెచ్చేది రోలు, ఇప్పుడైతే గ్రైండరు. కదిపిన కొద్దీ గాలి లోపలికి పోతుంది. పోయిన గాలి బయటికి రాకుండా మినుముల గ్లోబ్యులిన్ ప్రొటీన్లు బుడగల చుట్టూ పొరగా నిలుస్తాయి. చేతికి తగిలే ఆ జిగట అరాబినోగెలాక్టన్ అనే పొడవాటి చక్కెర గొలుసులది. అది పిండిని చిక్కగా ఉంచి బుడగలు పైకి పారిపోకుండా చూస్తుంది. నీళ్ళు ఎక్కువ పోస్తే చిక్కదనం పోతుంది, దాంతో గాలీ పోతుంది. అందుకే గారెల పిండికి నీళ్ళు చిలకరిస్తారే గానీ పోయరు.

ఇక రంధ్రం. అమెరికాలో మెయిన్ రాష్ట్రానికి చెందిన హాన్సన్ గ్రెగరీ అనే ఓడ కెప్టెన్, 1847లో పదహారేళ్ళ వయసులో ఓడ మీద ఉండగా తానే డోనట్‌కు మొదట రంధ్రం పెట్టానని 1916లో వాషింగ్టన్ పోస్టుకు చెప్పుకున్నాడు. అప్పటి డోనట్లు అంచులు వేగి నడుమ పచ్చిగా ఉండేవట, మిరియాల డబ్బా మూతతో నడిమి ముక్క కోసేశాడట. గారెకు రంధ్రం పెట్టిన మహాతల్లిని ఏ పత్రికా అడగలేదు. అడిగి ఉంటే చెప్పే కారణం మాత్రం అదే అయ్యుండేది.

పిండిముద్దలో వేడి చాలా నెమ్మదిగా ప్రయాణం చేస్తుంది. మందం రెట్టింపైతే పట్టే సమయం రెట్టింపు కాదు, నాలుగింతలు. ఒక సెంటీమీటరు లోతుకు రెండు నిమిషాలు పడుతుందనుకుంటే, రెండు సెంటీమీటర్ల లోతుకు ఎనిమిది నిమిషాలు. ఆ ఎనిమిది నిమిషాల్లో పైభాగం నల్లబడుతుంది. రంధ్రం పెడితే ముద్దలో ఏ చోటూ నూనెకు దూరంగా ఉండదు. ఈ నాలుగింతల లెక్కను తప్పించుకోవడానికి అంతకంటే చౌకైన ఉపాయం లేదు. కొరియా వీధుల్లో అమ్మే క్వబేగీ అనే డోనట్‌లో ఉపాయం ఇంకోటి: పిండిని తాడులా సాగదీసి, రెండు పోగులుగా మెలిపెట్టి వేస్తారు. మన అలసంద వడది మూడో ఉపాయం, పలచగా తట్టి వేయడమే. ఆకు మీద తడి చేత్తో తట్టిన వడకు రంధ్రం పెట్టకపోయినా నడుమ ఉడుకుతుంది.

మరి రంధ్రమూ లేక, పలచనా కాక, పిడికిలంత ఉండే క్రీమ్ డోనట్ ఎలా ఉడుకుతోంది? ముద్దలో ఎక్కువ భాగం గాలే కాబట్టి వేడెక్కాల్సిన పదార్థం తక్కువన్నది సగం జవాబు. మిగతా సగం నాకు ఎక్కువ నచ్చింది. వేడి వైపున్న బుడగ గోడ మీద నీరు ఆవిరవుతుంది. ఆ ఆవిరి బుడగను దాటి చల్లగా ఉన్న అవతలి గోడ మీద మళ్ళీ నీరవుతుంది, మోసుకొచ్చిన వేడిని అక్కడ దింపుతుంది. అలా ఒక బుడగ నుంచి ఇంకో బుడగకు వేడి చేతులు మారుతుంది. గాలి వేడిని సరిగా మోయదని బడిలో చదువుకున్నాం, అది పొడి గాలి మాట. తడి గాలి మంచి కూలీ.

ప్రొద్దుటూరుకు నూనె సంగతి కొత్త కాదు. బంగారం అంగళ్ళ వల్ల, పత్తి వ్యాపారం వల్ల రెండో బొంబాయి అనిపించుకున్న ఈ పెన్న ఒడ్డు పట్నంలో శనక్కాయ నూనె మిల్లులు కూడా బతుకుతెరువే. సాయంత్రం బండి దగ్గర ఎవరైనా తొందరపెడితే వడలు వేసే అమ్మ చెప్పే మాట ఇది:

"నూనె కాగల్ల గదా నాయనా! కాగకముందే ఏస్తే వడంతా నూనె తాగుతాది."

ఆ మాట నిజమే, కాకపోతే అందులో ఇంకో అంచె ఉంది. నూనె 170, 180 డిగ్రీల దగ్గర ఉంటే వడలోని నీరు జోరుగా ఆవిరై బయటికి తన్నుకొస్తుంది. బాణలిలో మనం చూసే బుడగలన్నీ నూనెవి కావు, వడలోంచి వచ్చే ఆవిరివి. ఆ తోపుడు ఉన్నంతసేపూ నూనె లోపలికి పోలేదు. నీరున్నంతసేపు లోపలి భాగం 100 డిగ్రీలు దాటదు కూడా. అందుకే వేగే వడ లోపల నిజానికి ఉడుకుతుంది, వేగేది పైపొరే. నీరంతా పోయిన ఆ పైపొర మాత్రమే 140 డిగ్రీలు దాటి రంగు తిరుగుతుంది. ప్రొటీన్లూ చక్కెరలూ కలిసి రంగూ వాసనా పుట్టించే ఈ చర్యను 1912లో వర్ణించిన ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీ మయ్యార్ పేరుతోనే పిలుస్తారు.

నూనె ఎక్కువగా లోపలికి పోయేది వడను బాణలిలోంచి తీశాక. తీయగానే వడ చల్లబడుతుంది, లోపలి ఆవిరి నీరై కుదించుకుపోతుంది, ఖాళీ ఏర్పడుతుంది. పైన అంటుకుని ఉన్న నూనెను ఆ ఖాళీ లోపలికి లాక్కుంటుంది. కాబట్టి తీసిన వెంటనే జల్లిగరిటెను రెండుసార్లు విదిలించి, ఓరగా పెట్టి ఓడ్చడం వల్ల లాభం చాలా ఉంది. పళ్ళెంలో పోసి పది నిమిషాల తర్వాత కాగితం అద్దితే పెద్దగా ఒరిగేది లేదు. అప్పటికే తాగాల్సింది తాగేసింది.

అదే నూనె మళ్ళీ మళ్ళీ కాచే అలవాటు గురించి ఒక్క ముక్క. కాగిన కొద్దీ నూనె అణువులు విరిగి, గాలితో కలిసి ధ్రువ సమ్మేళనాలుగా మారతాయి. అవి 25 శాతం దాటిన నూనెను వాడకూడదని దేశంలో 2018 జులై 1 నుంచి నియమం ఉంది. బండి దగ్గర దాన్ని కొలిచే పరికరం ఉండదు. నూనె నల్లబడి, నురగ నిలబడిపోతుంటే ఇంకో బండి చూసుకోవాలి.

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు వైపు పోతే నల్లరేగడి చేలు, అవతల గండికోట. ఈ పక్క పండగకైనా చుట్టాలు వచ్చినా అలసంద వడ, నాటుకోడి పులుసు ఉండాల్సిందే. ఈ వడ రాయలసీమ సొత్తని మనం గట్టిగా నమ్ముతాం. అలసంద పుట్టిల్లు మాత్రం ఆఫ్రికా. అక్కడ సాగులోకి వచ్చి, వేల ఏళ్ళ కిందటే మన దేశం చేరింది. నైజీరియాలో ఇప్పటికీ అలసందలు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, ఉల్లిపాయ, మిరపకాయ కలిపి నూనెలో వేసుకుంటారు. అకరా అంటారు. బానిసలుగా అట్లాంటిక్ దాటిన ఆఫ్రికా ఆడవాళ్ళతో పాటు అది బ్రెజిల్ చేరి, బహియా రాష్ట్రంలో అకరజే అయింది. దాన్ని వీధిలో వేసి అమ్మే మహిళల వృత్తిని 2005లో బ్రెజిల్ ప్రభుత్వం జాతీయ సాంస్కృతిక సంపదగా నమోదు చేసింది. ఒకే గింజకు రెండు వడలు: వాళ్ళు మెత్తగా రుబ్బి నురగ వచ్చేదాకా గిలక్కొడతారు, లోపల దూదిలా వస్తుంది. మనం నీళ్ళు తగలకుండా కచ్చాపచ్చాగా రుబ్బుతాం. పలుకుల మధ్య సందుల్లోంచి ఆవిరి సులువుగా బయటపడుతుంది, అందుకే మనది కరకరలాడుతుంది. రెండూ తిని పోల్చే అవకాశం వస్తే నా ఓటు మనదానికే, పక్షపాతమని తెలిసే వేస్తాను.

ఇక్కడి నేలకు పప్పుగింజలతో ఉన్న పరిచయం ఇంకా పాతది. దక్షిణ భారతంలోని నవీన శిలాయుగపు తావుల మట్టిని తొట్టి నీళ్ళలో కలిపి, పైకి తేలిన మాడు గింజలను పురావస్తు శాస్త్రవేత్త డోరియన్ ఫుల్లర్ బృందం పరిశీలించింది. వాళ్ళు మట్టి తీసిన తావుల్లో జమ్మలమడుగు దగ్గరి పెద్దముడియం ఒకటి. ఆ తావులన్నీ కలిపి చూస్తే నాలుగు వేల ఏళ్ళ కిందట ఈ ప్రాంతపు మనుషులు ముఖ్యంగా తిన్న పప్పులు పెసలు, ఉలవలు. అలసందలూ గోధుమలూ వాళ్ళకు తర్వాత వచ్చిన చుట్టాలు.

చుట్టరికం అన్నాను కాబట్టి దాని లెక్క చూద్దాం. వృక్షశాస్త్రంలో విగ్నా అనే ప్రజాతి ఉంది. మినుము విగ్నా ముంగో, పెసర విగ్నా రేడియేటా, అలసంద విగ్నా అంగ్విక్యులేటా. తూర్పు ఆసియాలో ఎర్రగా, చిన్నగా ఉండే ఒక పప్పుగింజను ఉడికించి, చక్కెర వేసి ముద్ద చేసి తీపి వంటల్లో పెడతారు. కొరియాలో దాన్ని పత్ అంటారు. దాని శాస్త్రీయ నామం విగ్నా అంగ్యులారిస్. అంటే మన గారె, మన వడ, మన పెసరట్టు, కొరియా తీపి ముద్ద అన్నీ ఒకే ఇంటి పిల్లలు. కొరియావాళ్ళకు పెసలు కూడా తెలుసు. నానబెట్టి రుబ్బి పెనం మీద నూనెతో కాల్చే వాళ్ళ బిన్‌దేత్తొక్‌ను చూసిన తెలుగువాడెవడైనా పెసరట్టనే అంటాడు.

కొరియాలో డోనట్‌కు ముందు మైదా రావాలి. మైదా రావడం వెనక కథ మనదీ వాళ్ళదీ ఒకటే. 1954లో అమెరికా పబ్లిక్ లా 480 అనే చట్టం చేసి మిగులు గోధుమలను పేద దేశాలకు పంపింది. యుద్ధంతో నలిగిన దక్షిణ కొరియాకూ, 1956 ఒప్పందంతో మనకూ అవి చేరాయి. కరువు కాలమైన 1966లో మన దేశం దిగుమతి చేసుకున్న తిండిగింజలు సుమారు కోటి టన్నులు. కొరియాలో ప్రభుత్వం ఇంకో అడుగు వేసింది. బియ్యం చాలక, గోధుమ పిండి వంటలు తినండని ఉద్యమం నడిపింది, 1969 నుంచి వారంలో రెండు రోజులు పగటిపూట హోటళ్ళలో అన్నం అమ్మకూడదంది. నూడుల్స్, బన్ను, వేయించిన పిండి వంటలు అలా వాళ్ళ వీధి తిండి అయ్యాయి. అమెరికా డోనట్ కంపెనీలు 1990లలో అక్కడ అంగళ్ళు తెరిచేటప్పటికి ఆ నాలుకలు సిద్ధంగా ఉన్నాయి.

ఇప్పటి సందర్శకులు క్రీమ్ డోనట్ కోసం వరుసలో నిలబడుతున్నారు గానీ, నన్నడిగితే విజ్ఞానపరంగా అంతకంటే గట్టి సరుకు పాత బజార్లలోని చప్సల్ డోనట్. జిగురు బియ్యపు పిండితో చేసిన ఉండ, లోపల పత్ ముద్ద, నూనెలో వేయించి పంచదారలో దొర్లిస్తారు. మామూలు బియ్యంలోని పిండిపదార్థంలో రెండు రకాల గొలుసులుంటాయి. తిన్నగా ఉండేది అమైలోజ్, కొమ్మలు వేసేది అమైలోపెక్టిన్. బాపట్లలో పుట్టిన మన సాంబ మసూరిలో అమైలోజ్ దాదాపు పాతిక శాతం. జిగురు బియ్యంలో అది ఇంచుమించు లేనట్టే, అంతా అమైలోపెక్టినే. తిన్నటి గొలుసులు వండిన కొన్ని గంటల్లోనే పక్కపక్కన చేరి గట్టిపడతాయి. పొద్దున వండిన అన్నం రాత్రికి బిరుసెక్కేది అందుకే. కొమ్మలున్నవి అంత తొందరగా సర్దుకోలేవు. అందుకే చప్సల్ డోనట్ సాయంత్రం దాకా సాగుతూ ఉంటుంది.

దీంతో ఒక ప్రమాదం ఉంది. జిగురు పొర సాగుతుందే గానీ ఆవిరిని వదలదు. నూనె మరీ వేడిగా ఉంటే బయటి పొర బిగిసి, లోపలి ఒత్తిడికి ఉండ పేలుతుంది. పిండి సరిగా ఉడకని చేగోడీలు నూనెలో టపాకాయల్లా పేలడం చూసినవాళ్ళకు ఈ సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. కొరియావాళ్ళు తక్కువ వేడిలో మొదలుపెట్టి, ఉండలను గరిటెతో ఆపకుండా తిప్పుతూ వేయిస్తారు.

పులివెందుల వైపు వస్తే శనక్కాయ చేలు, అరటి, చీనీ తోటలు. కదిరి మీదుగా పోతే పెనుకొండ. అక్కడ కొరియా కార్ల సంస్థ కియా 2017లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని, 2019లో కార్లు బయటికి పంపింది. ఆ ఫ్యాక్టరీతో పాటు కొరియా ఇంజనీర్లు, వాళ్ళ కోసం కొరియా భోజనశాలలు రాయలసీమకు వచ్చాయి. కాబట్టి కడప జిల్లాలో ఎవరో ఒకరు కొరియా డోనట్ కఫే పెట్టాలనుకోవడం జరగని పనేం కాదు. ఏది పెట్టాలన్నదే ప్రశ్న.

క్రీమ్ డోనట్‌కు ఇక్కడి ఎండ పగ. గిలక్కొట్టిన మీగడ నిలబడేది సగం గట్టిపడిన కొవ్వు రేణువులు గాలి బుడగల చుట్టూ ఒకదాన్ని ఒకటి పట్టుకోవడం వల్ల. పాల కొవ్వు 35 డిగ్రీలకే దాదాపు మొత్తం కరుగుతుంది, మన ఊర్లలో వేసవి పగలు 40 దాటుతుంది. ఈస్టుకు కూడా ఆ వేడి ఎక్కువే, పిండి తొందరగా పొంగి, చూస్తుండగానే మించిపోయి కుంగుతుంది. పోనీ ఫ్రిజ్‌లో పెడదామంటే ఇంకో చిక్కు. రొట్టెలోని పిండిపదార్థం తొందరగా గట్టిపడేది మామూలు గది వేడిలో కాదు, నాలుగు డిగ్రీల చుట్టుపక్కలే. క్రీమ్‌కు కావలసిన చలే బన్నుకు శత్రువు. సియోల్‌లో వేసిన కాసేపటికే అమ్ముడుపోతుంది కాబట్టి చెల్లుతోంది. మన బేకరీలు వాడే నూనె కొవ్వుల క్రీమ్ ఎండకు కొంత ఆగుతుంది గానీ, రుచిలో దానికీ మీగడకూ పోలిక లేదు.

అదే చప్సల్ డోనట్ అయితే ఫ్రిజ్ అడగదు, ఈస్టు అడగదు, శనక్కాయ నూనెలో హాయిగా వేగుతుంది. జిగురు బియ్యం మన దేశంలోనే ఉంది, అస్సాంలో బొరా బియ్యం అంటారు. లోపలికి పత్ దొరకకపోతే దాని చుట్టమే మన చేలలో ఉంది. అలసందలు ఉడికించి, బెల్లం వేసి, ఓళిగల పూర్ణంలా ముద్ద చేసి పెడితే సరిపోతుంది. కఫే పెట్టేవాళ్ళకు నా సలహా ఇదే: క్రీమ్ మానండి, అలసంద పూర్ణంతో మొదలుపెట్టండి, నూనె సన్న మంట మీద ఉంచి ఉండలు తిప్పుతూ ఉండండి, మధ్యాహ్నం వేసినవి అదే రోజు దీపాలు పెట్టే వేళకు అమ్మేయండి.